ఇంటి మీద ఇనుము

అబ్బులు చేతిలో పడిన ఇనుము ఇనుముగా చావదని కోడూరు రోడ్డు పొడుగునా ఒక మాట ఉండేది. కాలవలో మునిగి ఏళ్ళ తరబడి బురద తిన్న డీజిలింజనును ఒడ్డుకు లాగి, ఆయన వీపు మీద రెండు చరుపులు చరిస్తే అది దగ్గి, ఉమ్మి, లేచి కూర్చుందని చెప్పేవాళ్ళు. ఒక రైతు సగం ఇంజనే తీసుకొస్తే, మిగతా సగం లేదన్న సంగతి ఆ ఇంజనుకు తెలియనివ్వకుండా ఒక పంటంతా నడిపించాడని కూడా చెప్పేవాళ్ళు. ఇందులో నిజమెంత అని అడగకూడదు. అడిగితే ముందు నొచ్చుకునేవాడు అబ్బులే. ఆ కథల్లో సగం ఆయన పుట్టించినవి, మిగతా సగం ఎవరో పుట్టిస్తే ఆయన కాదనకుండా పెంచుకున్నవి.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరో పొడుగాటి వాడివి అరువు తెచ్చుకున్నట్టు మోకాళ్ళ దాకా వేలాడేవి. అవనిగడ్డ ఊరు దాటగానే రోడ్డు పక్కన ఆయన కొట్టు. లోపల ఇనుము గుట్టలు. పైన తాటాకు. ఇనుము తిని ఇనుము కట్టుకుని బతికే మనిషి కొట్టుకు నాలుగు రేకులు వేసుకోలేదేమని కొత్తవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పాతవాళ్ళు చేసేవాళ్ళు కాదు.

ఆయన భార్య సీతమ్మ. సొంత మేనమామ కూతురు, అందుకని పెళ్ళయి పాతికేళ్ళు దాటినా బావా అనే పిలిచేది. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. తొంభై తొమ్మిదో సంవత్సరం వచ్చేసరికి ఆ తక్కువ మాటలు కూడా ఒక్క ఊపిరిలో పూర్తయ్యేవి కావు. మాటకూ మాటకూ మధ్య పిల్లనగ్రోవి పగులిచ్చినట్టు గొంతులోంచి సన్నటి కూత వచ్చేది. చీకటి పడే వేళ వంటయ్యేసరికి ఆ కూత వీధి అరుగు మీదికి వినిపించేది.

తప్పు ఇంటిదని అనాలి. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత ఎవరో పుణ్యాత్ములు కట్టించి ఇచ్చిన శ్లాబు ఇళ్ళ కాలనీ అది. అంతకు ముందు అందరూ తాటాకు కొంపల్లో ఉండేవాళ్ళు. తాటాకు కొంపలో ఎంత పొగ పెట్టినా ఆకుల సందుల్లోంచి దాని దారిన అది వెళ్ళిపోయేది, పోతూ పోతూ ఆకుకు పట్టిన పురుగును కూడా చంపి వెళ్ళేది. శ్లాబుకు సందులేవి. పైగా కట్టించినవాళ్ళు వంటగదిని ఎక్కడో పెడితే, అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలని కాలనీ అంతా ఒక్క మాట మీద నిలబడి, గోడలు కొట్టి, గదులు మార్చి, పొయ్యిలన్నీ ఆ మూలకే చేర్చారు. సముద్రపు గాలి ప్రతి సాయంత్రం సరిగ్గా ఆ మూలనుంచే ఇంట్లోకి వస్తుందని ఎవరూ ఆలోచించలేదు. వాస్తు చెప్పిన సిద్ధాంతిది కంకిపాడు, ఆయనకు సముద్రంతో పరిచయం లేదు.

అవనిగడ్డ డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "నువ్వు పొగ మానెయ్యాలమ్మా" అన్నాడు.

"నేను చుట్ట కాల్చనండీ" అంది సీతమ్మ.

"చుట్ట కాల్చేవాడు పూటకొకటి కాలుస్తాడు. నువ్వు పూటకో మోపు కాలుస్తున్నావు. ఇంకో రెండు వానాకాలాలు ఆ గదిలో కూర్చున్నావంటే నేను చేసేదేం లేదు."

ఈ కబురు గుడివాడలో ఉన్న ఆమె తమ్ముడు దైవాధీనానికి తెలిసింది. అతను అక్కడ కాలేజీ కుర్రాళ్ళకు మెస్సు నడుపుతున్నాడు. మర్నాటి బస్సుకే వచ్చి, అరుగు మీద చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"బావా, నా దగ్గర రెండో గ్యాసు కనెక్షను ఉంది. పొయ్యీ బండా ఆటోలో వేయించి పంపిస్తా. అక్క ప్రాణం సుఖపడుద్ది."

"మీ అక్కకి పొయ్యి నేనివ్వలేననా?"

"అట్టా అన్నానా? నా దగ్గర ఊరికే పడుందని."

"ఊరికే పడున్నవి తెచ్చి లేపి నిలబెట్టేది నేనురా. నువ్వు నాకు తెచ్చిచ్చేదేంటి" అన్నాడు అబ్బులు. అప్పటికే పక్కింటి సంతోషమ్మ గోడ మీద చేతులు పెట్టుకుని వింటోంది. వినేవాళ్ళుంటే అబ్బులు గొంతు దానంతట అదే పెద్దదయ్యేది. "మంట లోపలుండి, పొగ బయటికెళ్ళే పొయ్యి చేసిస్తా. కట్టె సగమే తింటుంది. నీ గ్యాసు దాన్ని చూసి సిగ్గుతో ఆరిపోవాలి."

సీతమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. "గ్యాసు సిగ్గుపడకపోయినా ఫరవాలేదు బావా" అంది. ఆగి ఊపిరి తీసుకుంది. "నాకు ఊపిరాడేది చెయ్యి. అంతే."

"అదే చెప్తున్నా గదే."

దైవాధీనం భోజనం చేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అక్క చేతిలో పీల్చే మందు డబ్బా ఒకటి పెట్టి, దాన్ని ఎలా నొక్కాలో చూపించి వెళ్ళాడు.

అబ్బులు బందరు వెళ్ళాడు. కోనేరు సెంటరు అవతల జాహిద్ పాత సామాను కొట్టు ఆయనకు పుట్టిల్లు లాంటిది. జాహిద్ సన్నగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండే మనిషి. ఇనుమును చూడకుండా చప్పుడు విని ధర చెప్పేవాడు. అబ్బులు గుట్టలోంచి ఒక్కొక్కటే లాగి పక్కన పెడుతుంటే, కాసేపు చూసి అడిగాడు.

"ఏం బావా, ఓడ కడుతున్నావా?"

"పొయ్యి."

"ఇంత బరువా? వండేది మనుషులకేనా?"

"మీ చెల్లెలికి."

"అయితే మంచివే తీసుకో. ఆ డ్రమ్ము పగిలింది, అది ఇంకెవరికన్నా అమ్ముకుంటా."

లారీ బ్రేకు డ్రమ్ము మంట గిన్నెకు. నూనె పీపా ఒకటి పైతొడుగుకు, రెండింటి మధ్య బూడిదా బంకమట్టీ కూరడానికి. పొలంలో దమ్ము చేసే ట్రాక్టరు చక్రాల కడ్డీలు, కట్టెలు నిలబడే జల్లెడకు. విరిగిన కుట్టుమిషను స్టాండు, కాళ్ళకు. తలుపు కోసం వెతికి వెతికి, పాత బస్సు నుదుటి నుంచి ఊడిన రేకు బోర్డు పట్టుకున్నాడు. దాని మీద పసుపు అక్షరాలతో 'బందరు' అని ఇంకా చక్కగా కనిపిస్తోంది.

చివరికి పొగగొట్టం దగ్గరికి వచ్చారు. జాహిద్ తనే లేచి వెళ్ళి కొట్టు వెనక గోడకు ఆనించిన గొట్టం ఒకటి చూపించాడు. నిలువు మనిషికి రెండింతలుంది.

"మూసేసిన రైసుమిల్లుది. ఎక్కడా తుప్పు లేదు. నీకోసమే ఆ మిల్లు మూతపడ్డట్టుంది. నిలబెట్టావంటే పొగ తిన్నగా సముద్రం దాటుద్ది."

అబ్బులు ఆ గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. మంచి సరుకు. కుర్రతనంలో గుడివాడ మిల్లుల్లో పనిచేసినప్పుడు ఇలాంటివే ఎక్కి బాగుచేశాడు. పొగకు తెలిసిన దారి ఒక్కటే, పైకి. అది ఆయనకు బాగా తెలుసు. చెయ్యి తీసేసి పక్కకు తిరిగాడు.

"వంపులు రెండియ్యి. పొట్టి గొట్టం ఒకటి."

"వంపులెందుకు? పొగేమన్నా పామా, మలుపులు తిరగటానికి?"

"గోడలోంచి బయటికి తీసి, కిటికీ మీద చూరు కిందికి వంచుతా. ఇంటి పైకెత్తను."

జాహిద్ నమలడం ఆపాడు. గుట్టలో చెయ్యి పెట్టి మంచి వంపులు రెండు ఏరి, బేరమాడకుండా గోనెసంచిలో వేశాడు.

ఉప్పెన రోజున అబ్బులు, సీతమ్మ, అయిదేళ్ళ కూతురు వసుంధర ఊరి రైసుమిల్లు అటక మీద తలదాచుకున్నారు. నీళ్ళు అటక అంచు దాకా వచ్చాయి. పిల్ల తండ్రి భుజాల మీద కూర్చుని ఆయన జుట్టు పట్టుకుని ఉంది. నీళ్ళు తీశాయి. ఇక బతికామనుకున్నారు. కిందికి దిగి, అబ్బులు పిల్లను భుజం మీంచి దించి మిల్లు అరుగు మీద నిలబెట్టాడు. నీళ్ళు తగ్గాయి గాని గాలి ఇంకా తగ్గలేదు. మిల్లు కప్పు మీది రేకు ఒకటి ఊడి వచ్చింది. నీళ్ళు వదిలేసిన పిల్లను రేకు పట్టుకుంది.

ఉన్నవీ లేనివీ కలిపి ఊరంతటి కథలు చెప్పే అబ్బులు ఈ ముక్క ఒక్కటి పెంచి చెప్పలేదు. అసలు చెప్పలేదు. ఇంటి మీదా కొట్టు మీదా ఇనుము పెట్టలేదు, అంతే. ఆ కాలనీలో అలాంటి ఇల్లు ఆయనదొక్కటే కాదు. టీవీలు వచ్చిన కొత్తలో కూడా అక్కడి వాళ్ళు యాంటెనాను పెరట్లో వెదురుకు కట్టుకున్నారు గాని శ్లాబు ఎక్కించలేదు. తొంభైలో మళ్ళీ తుఫాను వచ్చి, బయట చెట్టన్నది నిలవకపోయినా ఆ శ్లాబుల కింద జనం చెక్కుచెదరకుండా బతికి బయటపడ్డాక, ఆ శ్లాబుకు మేకు కొట్టడం కూడా పాపమనుకునేవాళ్ళు. కాలనీలో క్రైస్తవులు దాన్ని నోవహు ఓడ అనేవాళ్ళు. మిగతావాళ్ళకు నోవహు ఎవరో సరిగ్గా తెలియదు గాని, ఓడ అన్నమాట నచ్చింది.

పొయ్యి తయారైంది. బంకమట్టిలో ఊక, పేడ, కాస్త బెల్లం నీళ్ళు కలిపి మెత్తి, నీడన ఆరబెట్టాడు. కుట్టుమిషను కాళ్ళ మీద బొద్దుగా నిలబడి, నుదుటి మీద బందరు బోర్డుతో, ఎవరైనా ఎక్కితే బయలుదేరేలా ఉంది. గోడకు రంధ్రం చేసి గొట్టాన్ని బయటికి తీశాడు, అక్కడ వంచి చూరు కిందికి తిప్పాడు. ఆ తెల్లవారి కాలనీ అంతా వచ్చి పెరట్లో నిలబడింది.

సీతమ్మ తలంటుకుని, పొయ్యికి పసుపు రాసి, తుమ్మ చితుకులు వేసి వెలిగించింది. మంట గుప్పున అందుకుంది. పొద్దుటి పూట గాలి భూమి మీంచి సముద్రం వైపు వెళ్తోంది. ఆ గాలి గొట్టంలోంచి పొగను చెయ్యి పట్టి లాక్కుపోయింది. వంటగదిలో పొగ వాసన కూడా లేదు. తపేలాలో నీళ్ళు తుళ్ళి తలుపు మీది అక్షరాలు తడిపాయి.

"అన్నయ్యా, బందరు తలుపు తీసి కట్టె పెట్టనా?" అంది సంతోషమ్మ.

"టిక్కెట్టు తీసుకుని పెట్టు" అన్నాడు అబ్బులు.

అందరికీ టీ పోశారు. సీతమ్మ పొయ్యి ముందు కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది, మళ్ళీ పీల్చింది. కూత రాలేదు. భర్త వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఇదంతా చేశాడు ఆయన. దాన్ని ఎవరూ కాదనలేరు.

సాయంత్రం పైరగాలి మొదలైంది. సముద్రం మీంచి చల్లగా, కాలనీ అంతా ఒళ్ళు అప్పగించి కూర్చునే గాలి. అది ఆగ్నేయపు గోడను తాకి, చూరు కింద వంగి ఉన్న గొట్టం నోరు చూసి, తిన్నగా అందులోకి దూరింది. బయటికి వెళ్ళాల్సిన పొగ బందరు తలుపు సందుల్లోంచి వెనక్కి వచ్చింది. మామూలు పొయ్యి పొగ గదంతా పరుచుకుంటుంది. ఇది పిచికారీ కొట్టినట్టు, పొయ్యి ముందున్న మనిషి మొహం మీదికే వచ్చింది.

అబ్బులు అప్పుడు కొట్లో ఉన్నాడు. పొయ్యి సంగతి చెబుతున్నాడు.

"సాయంత్రం పొగ లోపలికే వస్తంది బావా" అంది సీతమ్మ అన్నం పెడుతూ.

"కట్టె తడిసుంటుంది."

"ఎండి గలగలమంటంది."

"తలుపు బిగించి ఉండవు."

"బిగించే వేశా."

"కొత్తది. పొయ్యికీ అలవాటవ్వాలిగా" అన్నాడు ఆయన. ఇంజన్ల విషయంలో అయితే ఈ మాట అన్న కుర్రాణ్ణి తన్ని తగలేసేవాడు.

ఆయన ఊరుకోలేదు, అది కూడా చెప్పాలి. గొట్టం చివర టోపీలాంటిది పెట్టాడు. వంపును పడమటికి తిప్పాడు, మళ్ళీ ఉత్తరానికి తిప్పాడు. జల్లెడ పెద్దది చేశాడు. గొట్టం లోపల పలక అమర్చాడు. పొద్దున పూట అన్నీ పనిచేశాయి, సాయంత్రం ఏదీ పనిచేయలేదు. పక్కకీ కిందికీ ఉన్న దారులన్నీ వెతికాడు. మిగిలిన దారి వైపు తల ఎత్తలేదు.

ఈలోగా పేరు పాకిపోయింది. మోపిదేవి నుంచి, నాగాయలంక నుంచి జనం పొద్దున్నే వచ్చి పొయ్యిని చూసి వెళ్ళేవాళ్ళు. అబ్బులు పొద్దున్నే రమ్మని వాళ్ళకు చెప్పేవాడు. చీకటి పడ్డాక వచ్చినవాళ్ళను కొట్టు దగ్గరే కూర్చోబెట్టి మాటలతో పొయ్యి వెలిగించేవాడు. రెండు వేళ్ళంత తుమ్మ చితుకుతో పెళ్ళి వంట అయిపోయిందని, ఆ వేడి ఇంకా మిగిలితే మర్నాడు దానితో చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నామని చెప్పేవాడు.

శ్రావణంలో ఒకరోజు కరెంటు పోయి, కొట్లో పని ఆగి, ఆయన పొద్దుండగానే ఇంటికొచ్చాడు. వంటగదిలో ఎవరూ లేరు. పొయ్యి కిరసనాయిలు గుడ్డతో తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది, చల్లగా ఉంది. పెరట్లోకి వెళ్ళాడు. సన్నగా చినుకు పడుతోంది. సీతమ్మ తల మీద గోనెసంచి కప్పుకుని, మూడు ఇటుకల మీద కూర ఉడికిస్తోంది. మంట ఆరిపోకుండా తడి చేత్తో అడ్డుపెట్టుకుంటోంది.

"ఇదేంటి?"

ఆమె తల ఎత్తలేదు. "అది నీకు. ఇది నాకు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వొచ్చేలోపు వంటయ్యేది. ఇయ్యాళ తొందరగా వచ్చావు."

అబ్బులు అటూ ఇటూ చూశాడు. సంతోషమ్మ గోడ దగ్గర ఎవరూ లేరు. "లోపలికి రా. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అన్నాడు.

సీతమ్మ అప్పుడు తల ఎత్తింది. "గొట్టం పైకి పెట్టు బావా. లోపలికొస్తా."

"తెలిసి అడుగుతున్నావా?"

"తెలిసే."

"ఇంటి మీద ఇనుము పెట్టను. శ్లాబు కొట్టను. రేపు గాలొస్తే అది ఊడి ఎవరి మీద పడుద్దో. నువ్వు చూళ్ళేదా?"

"చూశా. నీ భుజం మీంచి దింపటం కూడా చూశా." ఆ మాట అన్నాక ఆమెకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. "అది నీకొక్కడికే కూతురా? పోయిన పిల్ల పేరు చెప్పి ఉన్నదానికి పొగ పెడతావా?"

ఆయన ఇటుకల్ని కాలితో తన్నలేదు, చెయ్యి ఎత్తలేదు, అరవలేదు. అలాంటిదేదైనా చేసి ఉంటే తర్వాత క్షమించడానికి కాస్త చోటుండేది. కూర తపేలాను గుడ్డతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఇనప పొయ్యి మీద పెట్టి, కట్టె అంటించి, కొట్టుకు వెళ్ళిపోయాడు. సీతమ్మ కాసేపు చినుకుల్లోనే నిలబడి, తర్వాత ఆ పొయ్యి ముందుకు వెళ్ళి కూర్చుంది.

ముసురు పట్టింది. పెరట్లో ఇటుకలు మునిగాయి. ఇక బయట వండే మాట లేదు. ఒక సాయంత్రం సంతోషమ్మ నిప్పు కోసం వచ్చి చూస్తే, సీతమ్మ వంటగది గడప మీద పక్కకు ఒరిగి ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకు వచ్చాయి. మందు డబ్బా చేతిలోనే ఉంది, ఒట్టిది. సంతోషమ్మ ఆమెను వీధిలోకి లాక్కొచ్చి, ఆటో పిలిచి, ఆసుపత్రిలో పడేసి, గుడివాడకు ఫోను చేసింది. ఆ తర్వాతే కొట్టుకు కబురు పంపింది.

అబ్బులు ఆసుపత్రికి వచ్చేసరికి సంతోషమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "పొమ్మనలేక పొగబెట్టారంటే ఏంటో అనుకునేదాన్ని అన్నయ్యా" అంది.

దైవాధీనం వచ్చి అక్కను గుడివాడ తీసుకెళ్ళాడు. ఆటో కదిలేటప్పుడు బావతో, "నువ్వు రావాలనుకున్నప్పుడు రా, భోజనం పెడతాం" అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

అబ్బులు బస్టాండు హోటల్లో తినేవాడు. ఎవరడిగినా, తమ్ముడి మెస్సులో వంటవాడు మానేశాడు, సాయానికి వెళ్ళిందనేవాడు. దసరా వెళ్ళింది. దీపావళి వెళ్ళింది. కార్తీకం దాటేదాకా ఆయన ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. గాలివానల కాలం గడిచాక ఒక పొద్దున బందరు బస్సెక్కాడు.

ఆ పొడుగాటి గొట్టం అక్కడే గోడకు ఆనించి ఉంది.

"అమ్మలేదా?" అన్నాడు.

"బందరులో ఎవడు నిలబెడతాడు బావా దీన్ని" అన్నాడు జాహిద్. "ఇక్కడి జనానికి సముద్రం అంటే తెలుసు. చెల్లెలికెట్టా ఉంది?"

"ఊపిరాడుతుందంట."

జాహిద్ కుర్రాళ్ళను పిలవకుండా తనే ఆ గొట్టాన్ని ఒక కొస పట్టుకుని లారీ దాకా మోశాడు.

శ్లాబు కొట్టే రోజున కాలనీ మళ్ళీ పోగైంది. ఈసారి ఎవరూ టీ అడగలేదు.

"నోవహు ఓడకి ఎవడన్నా బొక్క పెట్టుకుంటాడా?" అంది సంతోషమ్మ. సీతమ్మను ఆటోలో ఎక్కించిన మనిషే ఈ మాట అంది. "ఊడితే నా ఇంటి మీద పడుద్ది. నీకు పుణ్యముంటుంది, ఆలోచించు."

"నాలుగు వైపులా తీగలు లాగి బిగిస్తా" అన్నాడు అబ్బులు. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. మొదటి దెబ్బకు సిమెంటు ముక్క ఎగిరి ఆయన బుగ్గ మీద తగిలింది. తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. తుఫానుకు చెక్కుచెదరని శ్లాబు మనిషి చేతికి ఎంతసేపు ఆగుతుంది. రంధ్రం పడి, వంటగదిలోకి గుండ్రంగా ఎండ దిగింది. గొట్టం ఎక్కించి, చుట్టూ సిమెంటు పూసి, తీగలు బిగించాడు. దించిన వంపులను గుట్టలోకి విసిరేశాడు.

సాయంత్రం పైరగాలి వచ్చే వేళకు పొయ్యి అంటించాడు. గాలి వచ్చింది, గోడను తాకింది, చూరు కింద వెతికింది. పొగ దానికి దొరక్కుండా ఇంటి పైకి లేచి, తిన్నగా పైకి వెళ్ళి, అక్కడ చెదిరిపోయింది. వంటగదిలో దీపం కూడా కదల్లేదు. అబ్బులు పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇన్ని నెలలు తెలిసిన పనే. పట్టింది ఒక్క రోజు.

తర్వాత చాప చంకన పెట్టుకుని, ఇంటికి తాళం వేసి, నిద్రకు కొట్టుకు వెళ్ళాడు.

గుడివాడలో మెస్సు వంటగది పెద్దది. సీతమ్మ స్టూలు మీద కూర్చుని పెద్ద గిన్నెలో పోపు వేస్తోంది. కింద నీలంగా, చప్పుడు లేకుండా మంట. ఆమె ఒళ్ళు చేసింది. అబ్బులును చూసి లేచి, మంట తగ్గించి, నీళ్ళిచ్చింది, ఆకు వేసింది. గోంగూర పచ్చడి, చేపల పులుసు. ఆయనకు ఇష్టమైనవే. ఆమె మాట్లాడుతుంటే కూత వినిపించడం లేదు. అప్పుడు గాని ఆ గొంతు అసలు ఎలా ఉండేదో ఆయనకు గుర్తు రాలేదు.

"పెట్టాను" అన్నాడు.

"ఏంటి?"

"గొట్టం. శ్లాబు కొట్టి పైకి లేపా. నాలుగు తీగలు లాగి కట్టా. పైరగాలిలో కూడా చుక్క పొగ లేదు. రా, చూద్దువుగాని."

సీతమ్మ చేతిలో గరిటె ఆగింది. నిజమా అని అడగలేదు. ఈ ఒక్క విషయంలో ఆయన అబద్ధం చెప్పడని ఆమెకు తెలుసు. "నువ్వెక్కడ పడుకుంటున్నావు?" అంది.

అబ్బులు అన్నం కలిపాడు. "కొట్లో."

"నన్ను దాని కింద పడుకోమంటావా?"

"నువ్వేగా అడిగావు."

"అడిగా. ఊపిరాడక అడిగా. మునిగేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు, అది పామో తాడో చూసుకుంటాడా." ఆమె గరిటె దించి పక్కన పెట్టింది. "ఇక్కడికొచ్చి నాలుగు ఊపిర్లు తీసుకున్నాక తెలిసింది. గాలి చప్పుడైతే దాని కింద నాకూ కన్ను మూతపడదు."

"అయితే తీసేస్తా."

"తీసేస్తే పొగ."

పక్క గదిలో కుర్రాళ్ళు కంచాలు చప్పుడు చేస్తున్నారు. దైవాధీనం ఎవరికో సాంబారు పోస్తూ, ఇటు వినపడనట్టు నిలబడ్డాడు. అబ్బులు మంచినీళ్ళు తాగాడు. అనాల్సిన మాట నాలుక మీదికి రావడానికి శ్లాబు కొట్టినంత పనైంది.

"పోనీ, గ్యాసే తెచ్చుకుందాం. నీ తమ్ముణ్ణి నేనే అడుగుతా."

"గ్యాసు ఇక్కడుందిగా" అంది సీతమ్మ.

"మరి నాకు?"

"నీకు పొయ్యుందిగా బావా."

ఆమె కోపంగా అనలేదు. ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా అంది. ఆయన తినేదాకా ఆగి, ఇంకో ముక్క చేప వేసింది. ఆయన అదీ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. బస్సు వేళ దాటిపోతుందని ఆమే గుర్తుచేసింది.

కాలనీలోకి వచ్చేసరికి సంతోషమ్మ వాకిట్లో బట్టలు తీస్తోంది. "వదిన రాలేదా అన్నయ్యా?" అంది.

"ఎట్టా వస్తుంది" అన్నాడు అబ్బులు. గొంతు దానంతట అదే పెద్దదైంది. "నా పొయ్యి సంగతి గుడివాడంతా పాకింది. మెస్సుల వాళ్ళందరూ గ్యాసు బండలు బయట పారేసి వరస కట్టారు. మీ వదిన దగ్గరుండి వెలిగించి చూపిస్తే గాని కుదరదంట. ఇప్పట్లో వదలరు."

సంతోషమ్మ తీగ మీది చీర తీసి, మడతపెట్టి, ఇంకోసారి మడతపెట్టింది. ఆ కాలనీలో ఆయన మాటకు మాట అప్పగించే నోరు అదొక్కటే.

"అంతేలే అన్నయ్యా" అంది. "ఎట్టా వదులుతారు."

ఆమె ఎదురు చెప్పకపోవడం అబ్బులు గమనించాడు. గమనించి, తాళం తీస్తూ, కథకు ఇంకో రెండు మెస్సులు కలిపాడు.